ఇల్లూరాయన చేతిలో 38 రోజులు

ఆ కందికట్టె నాలుగు పుల్లలు మంటలోకి తోయి అబ్బీ, చలి ముదురుతాంది. చెనిక్కాయలు కాల్చుకుంటే కాల్చుకోండి గానీ మాడనీయొద్దు.

పాప ఇందాక ఒక మాటడిగింది. రాష్ట్రపతి అంటే సంతకాలు పెట్టేవాడే గదా తాతా, మా సారు అట్లనే చెప్పినాడు, అని. మీ సారు చెప్పింది తప్పు కాదమ్మా. మామూలు రోజుల్లో అంతే. మంత్రివర్గం కాగితం పంపిస్తాది, ఆయన సంతకం పెట్టి పంపుతాడు. అయితే ఒక్కో కాలం వస్తాది. ప్రధాని రాజీనామా ఇచ్చేసి ఉంటాడు. సభలో ఎవురికీ బలం ఉండదు. రేపట్నించి దేశాన్ని నడిపేదెవురో దేశానికే తెలీదు. అప్పుడు ఎవుర్ని పిలవాల, ఎవుర్ని పిలవకూడదు అనేది ఆ ఒక్క మనిషి తేల్చాల. రాజ్యాంగంలో దానికి దోవ పూర్తిగా రాసిపెట్టి లేదు. 1979లో మన దేశానికి అట్లాంటి కాలం వచ్చింది. అప్పుడు ఆ కుర్చీలో కూర్చోనుండింది మన జిల్లా మనిషి. గార్లదిన్నె పక్క ఇల్లూరు. నీలం సంజీవరెడ్డి.

ఆయప్ప పుట్టింది 1913 మే 19న. నాయన చిన్నపరెడ్డి. సేద్యపు ఇల్లు, కలిగిన ఇల్లే. అందుకే పిల్లోన్ని మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం బడికి పంపగలిగినారు. తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీ. 1929లో గాంధీ అనంతపురం వచ్చినాడు. అంతే, ఖద్దరు కట్టినాడు, రెండేండ్లకు చదువు కూడా వదిలేసినాడు. పాతికేండ్లకే ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కార్యదర్శి. 1940 నుంచి 1945 దాకా బయట ఉన్న దినాలు తక్కువ, జైల్లో ఉన్న దినాలు ఎక్కువ. క్విట్ ఇండియా అప్పుడు విదర్భలోని అమరావతి జైల్లో పెట్టినారు. ప్రకాశం పంతులు, సత్యమూర్తి, కామరాజు, వి.వి. గిరి, వీళ్ళంతా అదే జైల్లో ఉండినారు. ఆ గిరి పేరు గుర్తు పెట్టుకోండి.

స్వాతంత్ర్యం వచ్చినాక మద్రాసు శాసనసభలో ఉండినాడు, రాజ్యాంగం రాసిన సభలోనూ ఉండినాడు. మద్రాసులో మంత్రి అయినాడు. 1951లో ఎన్.జి. రంగాను ఓడించి రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడైనాడు. గెలిచిన యేడే ఐదేండ్ల కొడుకు మోటారు ప్రమాదంలో పోయినాడు. ఆ దుఃఖంలో అధ్యక్ష పదవికి రాజీనామా రాసిచ్చినాడు. మా అవ్వ ఈ సంగతి చెప్పినప్పుడల్లా మాట ఆపేసి కాసేపు ఊరకుండేది. ఎవురి బిడ్డయితేనేమి.

మరుసటి యేడు ఎన్నికల్లో ఆయప్పను ఓడించింది ఎవురనుకున్నారు? సొంత బావమరిది. తరిమెల నాగిరెడ్డి, కమ్యూనిస్టు. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మకు తోడబుట్టినవాడు. జైల్లో ఉండే గెలిచినాడు. మన అనంతపురంలో ఒకే ఇంటి గడపలో రెండు జెండాలుండేవి ఆ కాలంలో. నేను ఇద్దర్నీ గౌరవిస్తా. నాగిరెడ్డి కథ ఇంకో రాత్రి చెప్తా, అది ఒక్క రాత్రికి తెమిలేది కాదు.

1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక ప్రకాశం పంతులు కింద ఉపముఖ్యమంత్రి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాల. ముఖ్యమంత్రి ఆంధ్రా మనిషయితే ఉపముఖ్యమంత్రి తెలంగాణ మనిషి కావాలని పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్నారు. రాసుకున్నవాళ్ళలో ఈయనా ఉన్నాడు. ముఖ్యమంత్రి అయినాక ఆ పదవి ఇవ్వలేదు. తాను అంతకు ముందు కూర్చున్న పదవే అది. తెలంగాణవాళ్ళు ఆ మాట ఇప్పటికీ తల్చుకుంటారు. తల్చుకోవాల కూడా. మనోడు గదా అని నేను కప్పిపెట్టను.

ఇక ఆయప్పలో నాకు నచ్చిన గుణం చెప్తా. కుర్చీని పట్టుకోని వేలాడే మనిషి కాదు. 1960లో పార్టీ పిలిస్తే ముఖ్యమంత్రి పదవి వదిలి జాతీయ కాంగ్రెస్ అధ్యక్షుడుగా పోయినాడు. 1962లో మళ్ళీ ముఖ్యమంత్రిగా వచ్చినాడు. శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసింది ఆ రెండో దఫాలోనే, 1963లో. ఇప్పుడు ఆ జలాశయానికి ఆయప్ప పేరే. 1964లో ఏం జరిగిందంటే, కర్నూలు జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోవడం మీద ప్రైవేటు బస్సుల వాళ్ళు సుప్రీంకోర్టుకు పోయినారు. ముఖ్యమంత్రి కక్షతో చేయించినాడని వాళ్ళ ఆరోపణ. దానికి ముఖ్యమంత్రి దిక్కు నుంచి జవాబు అఫిడవిట్ దాఖలు కాలేదు. కోర్టు ఆ మాట ఎత్తి చూపుతూ తీర్పు రాసింది. దిగిపొమ్మని కోర్టు అనలేదు, ఢిల్లీ అనలేదు. తానే దిగిపోయినాడు. తప్పు చేసినాడా లేదా అనేది వేరే సంగతి. కోర్టు నోట అట్లాంటి మాట పడినాక ఆ కుర్చీలో ఉండకూడదనుకున్నాడు. ఇప్పుడు ఎంతమంది అట్లా అనుకుంటారో మీరే చూస్తాండారు.

తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర ఉక్కు, గనుల మంత్రి. ఇందిరమ్మ దగ్గర రవాణా, విమానయానం. 1967లో మన హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకరయినాడు. స్పీకరయిన వెంటనే పార్టీ సభ్యత్వం వదిలేసినాడు. అందరికీ సమానంగా ఉండాల్సినోడు ఒక పార్టీ మనిషిగా ఎట్లుంటాడని.

ఇగ 1969. అప్పటికి నాకు మీసం మొలిచింది. మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండంగానే కాలం చేసినాడు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలికంగా ఆ పని చూస్తాండాడు. జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు కూర్చున్నారు. ఇందిరమ్మ జగ్జీవన్‌రామ్ పేరు చెప్పింది. పార్లమెంటరీ బోర్డులో ఎక్కువమంది సంజీవరెడ్డి అన్నారు. ఆయమ్మ మాట ఓడిపోయింది. ఓడినా సంజీవరెడ్డి నామినేషను మీద ఆయమ్మే సంతకం పెట్టింది. ఈ లోపల గిరి స్వతంత్రుడుగా నిలబడినాడు. అప్పుడు ఆయమ్మ పార్టీవాళ్ళకు, మీ అంతరాత్మ ఎట్లా చెప్తే అట్లా ఓటెయ్యండి అని చెప్పేసింది. తాను సంతకం పెట్టిన అభ్యర్థిని తానే వదిలేసింది.

ఆగస్టు 20న లెక్కింపు. పంచాయతీ ఆఫీసు ముందర రేడియో పెట్టినారు, ఊరు ఊరంతా అక్కడే. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548. ఎవురూ సగం దాటలేదు. ఇంక రెండో ప్రాధాన్యం ఓట్లు కలపాల. మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌కు పడిన ఓట్లలో ఎక్కువ భాగం మనాయనకే వచ్చినాయి. పెరుగుతాంది, పెరుగుతాంది, అందుకుంటాడేమో అని మేమంతా లేచి నిలబడినాం. అందలేదు. గిరికి 4,20,077, ఈయనకు 4,05,427. జైల్లో కలిసి ఉన్న ఇద్దరు తెలుగోళ్ళు, ఆ పొద్దు ఇద్దరిలో ఒకరే రాష్ట్రపతి అయినారు. ఆ రాత్రి మా ఊళ్ళో చాలామంది సంగటి ముట్టలేదు.

ఆ దెబ్బకు కాంగ్రెస్సే రెండు ముక్కలైపోయింది. సంజీవరెడ్డి అప్పటికే స్పీకరు పదవి వదిలేసుండినాడు. చేతిలో ఏమీ లేదు. అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నాడు. ఆయప్ప పని అయిపోయిందని అందరూ అనుకున్నారు.

మళ్ళీ జనం ముందుకు వచ్చింది 1975లో. మే నెల మొదటి తేదీన హైదరాబాదులో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి సభలో మాట్లాడినాడు. జూన్‌లో ఎమర్జెన్సీ పడింది. ఆ కాలం గురించి మీ నాయనకు ఎన్నోసార్లు చెప్పినా. పేపర్లకు సెన్సారు, మాట్లాడితే జైలు. 1977 మార్చిలో ఎన్నికలు పెట్టినారు. ఉత్తరదేశంలో ఇందిరమ్మ పార్టీ ఊడ్చుకోనిపోయింది. మన దగ్గర మాత్రం 42 సీట్లలో 41 ఆయమ్మవే. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి. ఆ నంద్యాలే తర్వాత 1991లో ప్రధాని పి.వి.ని లోక్‌సభకు పంపింది, అదీ గొప్ప గడ్డే.

మళ్ళీ స్పీకరు చేసినారు, ఏకగ్రీవంగా. నాలుగు నెలలు కూడా కాకముందే రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఫిబ్రవరిలో చనిపోయినాడు. 37 మంది నామినేషన్లు వేసినారు. పరిశీలనలో 36 కొట్టేసినారు. మిగిలింది ఈయనదొక్కటే. పద్నాలుగు వేల చిల్లర ఓట్లతో పోయిన పదవి, ఎనిమిదేండ్లకు పోటీ లేకుండా ఇంటికొచ్చింది. ఇప్పటిదాకా పోటీ లేకుండా రాష్ట్రపతి అయినవాడు ఆయప్ప ఒక్కడే. 1977 జూలై 25న ప్రమాణం చేసినాడు. దేశంలో పేదోళ్ళు ఇంతమంది ఉండంగా నాకింత జీతమేమిటికని నూటికి 70 వంతులు వద్దన్నాడు.

సరే, ఇప్పుడు పాప అడిగిన దానికి వస్తాండా.

జనతా ప్రభుత్వం అంటే నాలుగైదు పార్టీలు కలిసి కట్టుకున్న మూట. ప్రధాని మొరార్జీ దేశాయి ఒకవైపు, చరణ్‌సింగ్ ఒకవైపు, జగ్జీవన్‌రామ్ ఇంకోవైపు. ముగ్గురికీ ప్రధాని కుర్చీ మీదే మనసు. రెండేండ్లు కొట్లాడుకున్నారు. 1979 జూలైలో ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవాన్ అవిశ్వాస తీర్మానం పెట్టినాడు. జనతాలోంచి సభ్యులు గుంపులు గుంపులుగా బయటికి పోయినారు. జూలై 15న మొరార్జీ రాజీనామా.

ఆ యేడు వానలు లేవు. దేశమంతా కరువే. మనం చెనిక్కాయ విత్తనం చేతిలో పట్టుకోని మొగులు దిక్కు చూస్తాంటిమి. ధరలు మండిపోతాండినాయి. అట్లాంటప్పుడు ఢిల్లీలో నడిపేవాడు లేడు. మొదట వానెట్లుందో చెప్తారని రేడియో పెట్టేవాళ్ళం, దాని తర్వాత రాష్ట్రపతి ఏం చేసినాడో అని వినేవాళ్ళం.

ఆయప్ప ఏం చేసినాడంటే, ముందర అవిశ్వాసం పెట్టిన చవాన్‌నే పిలిచినాడు. పడగొట్టింది నువ్వు, నిలబెట్టగలవేమో చూడు అని. నాలుగు దినాలు తిరిగి, నావల్ల కాదని చెప్పినాడు చవాన్. ఆ తర్వాత మొరార్జీ, చరణ్‌సింగ్ ఇద్దరూ మాకే బలముందన్నారు. నోటిమాట నేను నమ్మను, మీ సభ్యుల పేర్లు రాసి రెండు దినాల్లో తెండి అన్నాడు. జాబితాలు వచ్చినాయి. కొందరి పేర్లు రెండింట్లోనూ ఉండినాయి. ఒక్కొక్క పేరూ సరిచూసి లెక్క తేల్చితే మొరార్జీకి 238, చరణ్‌సింగ్‌కు 262. అదీ సగం కాదు. అయినా ఎక్కువున్నవాన్ని పిలిచినాడు. పిలుస్తూ ఒక షరతు పెట్టినాడు. ఆగస్టు మూడో వారంలోపల సభలో విశ్వాస తీర్మానం గెలవాల.

ఆ షరతే ముఖ్యం పాపా. రాష్ట్రపతి భవన్లో నేను తలలు లెక్కబెట్టి తేల్చేది కాదు, సభలో తేలాల అని దాని అర్థం. రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషి గదా, ఆయప్పకు ఆ తేడా తెలుసు.

జూలై 28న చరణ్‌సింగ్ ప్రమాణం చేసినాడు. ఆగస్టు 15న ఎర్రకోట మీద జెండా ఎగరేసినాడు. బయటి నుంచి మద్దతిస్తానన్న ఇందిరమ్మ ఆగస్టు 19న నిలిపేసింది. 20న సభ. ఆ పొద్దు చరణ్‌సింగ్ పార్లమెంటుకు పోలేదు, రాష్ట్రపతి దగ్గరికి పోయి రాజీనామా ఇచ్చినాడు. సభను రద్దు చేసి ఎన్నికలు పెట్టమని సలహా ఇచ్చినాడు. ప్రధానిగా ఒక్క దినం కూడా పార్లమెంటు ముందర నిలబడలేదు ఆయన.

ఇప్పుడు కష్టమైన ముడి. ఇంకో పక్క జగ్జీవన్‌రామ్ ఉన్నాడు. మొరార్జీ తప్పుకుంటే జనతా పార్టీ ఆయన్నే నాయకుణ్ణి చేసుకునింది. నన్ను పిలువు, నాకు బలముంది అంటాండాడు. రద్దు సలహా ఇచ్చింది సభలో నిలబడలేని ప్రధాని. ఆ సలహా వినాలా? జగ్జీవన్‌రామ్‌ను పిలవాలా? పిలిస్తే మళ్ళీ కొనుగోళ్ళు, మళ్ళీ ఫిరాయింపులు. పిలవకపోతే, దళితుడు ప్రధాని అయ్యే దోవ మూసినట్లు. ఆయప్ప నాయకులందరితో మాట్లాడి ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేసినాడు. మొరార్జీ దిగిన నాటి నుంచి లెక్కబెడితే 38 రోజులు.

ఢిల్లీ భగ్గుమనింది. జనతా అధ్యక్షుడు చంద్రశేఖర్ మనుషులు రాష్ట్రపతిని అభిశంసించాలన్నారు. పదేండ్ల కింద బెంగళూరులో ఎదురెదురు నిలిచిన పేర్లు ఇవే గదా, ఆ కక్ష తీర్చుకున్నాడు అని మన ఊర్లోనే అన్నవాళ్ళుండినారు. నేను ఆ మాట అనను. కక్ష పెట్టుకునే మనిషయితే ఇందిరమ్మ మీద పెట్టుకోవాల, జగ్జీవన్‌రామ్ మీద కాదు. ఆ రద్దుతో అందరికంటే ఎక్కువ లాభపడింది ఆయమ్మే. కానీ ఒకటి చెప్తా. చవాన్‌కు నాలుగు దినాలు ఇచ్చినాడు, చరణ్‌సింగ్‌కు మూడు వారాలు ఇచ్చినాడు. జగ్జీవన్‌రామ్‌కూ ఒక వారం ఇచ్చి, సభలో గెలిచి చూపించు అని ఉండాల్సింది. గెలవకపోతే అప్పుడే రద్దు చేసుండొచ్చు. ఆ ఒక్కటి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయప్పంటే నాకెంత గౌరవమున్నా సరే.

మీ మేనమామ ఉన్నాడే, ఆయన ఒప్పుకోడు. నమ్మకం పోయిన సభను పట్టుకోని వేలాడేదేమిటికి, జనం దగ్గరికి పోవడమే నిజం అంటాడు. ఈ మంట దగ్గరే ఎన్నిసార్లు వాదించుకున్నామో. ఆయన మాటలోనూ న్యాయముంది.

రద్దు చేసినాక ఊరకుండలేదు ఆయప్ప. ఎన్నికలయ్యేదాకా చరణ్‌సింగ్‌దే ఆపద్ధర్మ ప్రభుత్వం. కొత్త విధానాలు తేవద్దు, కొత్త ఖర్చులు మోపొద్దు అని చెప్పినాడు. సభలో ఒక్కసారి కూడా గెలవని ప్రభుత్వం నాలుగు నెలలకు పైన దేశాన్ని నడపాల. చేతులు కట్టకపోతే ఏమేం చేసుండేదో.

ఇంకొకటి మర్చిపోయినా. ఈ గలాటాకు కొన్ని నెలల ముందరే, 1979 ఏప్రిల్ 30న, 44వ రాజ్యాంగ సవరణ మీద సంతకం పెట్టింది ఆయప్పే. ఎమర్జెన్సీ మళ్ళీ అంత సులభంగా పెట్టకుండా కట్టడి చేసిన సవరణ అది. లోపల ఏదో కల్లోలమని సాకు చెప్తే చాలదు, సాయుధ తిరుగుబాటు ఉండాల. మంత్రివర్గం రాతపూర్వకంగా అడగాల. మంత్రివర్గం సలహా నచ్చకపోతే ఒకసారి మళ్ళీ ఆలోచించండని తిప్పి పంపే హక్కు రాష్ట్రపతికి వచ్చింది కూడా దాంట్లోనే. మీ సారు చెప్పిన సంతకం ఉంది చూడు, ఇట్లాంటి సంతకం కూడా అవుతాది.

1980 జనవరిలో ఎన్నికలు. ఎర్రగడ్డల ధర ఎట్లా పెరిగిందంటే, ఆ ధరే ఎన్నికల ప్రచారమైపోయింది. ఇందిరమ్మకు 353 సీట్లు. జనవరి 14న రాష్ట్రపతి భవన్లో సంజీవరెడ్డి చదివిస్తే ఇందిరమ్మ ప్రమాణం చేసింది. 1969లో ఆయప్పను ఆ భవనం గడప తొక్కనీయని మనిషి. ఆ పొద్దు ఇద్దరి మనసుల్లో ఏముండిందో మనకు తెలీదు. జనం గెలిపించినారు, రాజ్యాంగం పిలవమనింది, పిలిచినాడు. అంతవరకే. తర్వాత రెండున్నరేండ్లు ఆయమ్మ ప్రభుత్వంతో కలిసి పని నడిచింది. తొమ్మిది రాష్ట్రాల శాసనసభలు రద్దు చేయాలంటే ఆ కాగితం మీదా సంతకం పెట్టినాడు. బలమున్న ప్రభుత్వం చెప్పినప్పుడు రాష్ట్రపతి మళ్ళీ సంతకాల మనిషే.

1982 జూలై 25న జైల్‌సింగ్‌కు పదవి అప్పజెప్పి దిగిపోయినాడు. అంత పదవి చేసినవాళ్ళు ఢిల్లీలోనే ఉండిపోవచ్చు. ఈయన అనంతపురం వచ్చేసినాడు. నీళ్ళు లేని, వానల్లేని మన అనంతపురానికి. 1989లో తన జ్ఞాపకాలు పుస్తకంగా రాసుకున్నాడు.

పోయింది బెంగళూరులో, న్యుమోనియాతో, 83 ఏండ్ల వయసులో. 1996 జూన్ 1. ఆ దినం ఢిల్లీలో ఏం జరిగిందో తెలుసునా? మళ్ళీ ఎవురికీ బలం రాని లోక్‌సభ. వాజపేయి 13 రోజులుండి, బలం చాలక దిగిపోయినాడు. మన పక్క కన్నడదేశం నుంచి దేవెగౌడ సరిగ్గా అదే దినం ప్రధానిగా ప్రమాణం చేసినాడు. ఇద్దరికీ అప్పటి రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ పెట్టిన షరతు ఒకటే. ఇన్ని దినాల్లోపల సభలో బలం నిరూపించుకోవాల. జూన్ 12న దేవెగౌడ సభలో నిలబడి గెలిచినాడు.